నేను చేసే వింత జీవులన్నీ చివరికి కోళ్లలాగే వస్తున్నాయి, ఎందుకు?

తార్నాక_తుమ్మముల్లు
కాయలు, గింజలు, పుల్లలు ఏరుకొచ్చి లోకంలో లేని జంతువుల్ని తయారు చేసే పిచ్చి ఈ మధ్య పట్టుకుంది. మొదలు పెట్టేటప్పుడు ఊహ పెద్దగానే ఉంటుంది. మొసలి తల, మేక ఒళ్లు, తేలు తోక. చేతికొచ్చేది మాత్రం కోడి. మొన్న చేసినదానికి ఒళ్లు వెలగకాయ డిప్ప, రెక్కలు గుల్‌మొహర్ కాయ, జూలు కొబ్బరి పీచు, కాళ్లు వేపపుల్లలు. పక్కింటి పాప వచ్చి చూసి "అంకుల్, మీ కోడికి జుట్టు ఎందుకు పెట్టారు?" అంది. ఇది కోడి కాదమ్మా అంటే ఒప్పుకోదు. సరుకుకి లోటు లేదు, ఓయూ క్యాంపస్‌లో ఓ చుట్టు తిరిగితే సంచి నిండుతుంది. మరి లోపం ఎక్కడుంది? జిగురు మార్చి చూడు అని మాత్రం చెప్పకండి, అది వేరే బాధ.

బేగంపేట_బావ
ఫొటో పెట్టలేదు కాబట్టి నా ఊహలో అది ఇప్పటికే దమ్ మీద ఉంది.

యాళి_పిచ్చి
కాళ్లు ఎన్ని పెట్టావు?

తార్నాక_తుమ్మముల్లు
రెండే అక్కా. నాలుగు పెడితే ఒకటి ఎప్పుడూ గాల్లో ఉంటోంది.

యాళి_పిచ్చి
దొరికింది. గుండ్రటి ఒళ్లు, దాని కింద రెండు సన్నపు పుల్లలు, పక్కన రెక్క. ఈ మూడూ కనబడితే ఎవరి కంటికైనా కోడే. తలకి ఏం తగిలించినా లాభం లేదు. చూసేవాడు ముందు చూసేది తల కాదు, నిలబడిన తీరు.

ఇంకోటి. వెనక కాలు ఎక్కడ వంచుతున్నావో చూసుకో. కుక్క, మేక, గుర్రం కాళ్లు వెనక్కి విరిగినట్టు కనిపిస్తాయి కదా, అది మోకాలు కాదు, మడమ. అవి వేళ్ల మీదే నడుస్తాయి. అసలు మోకాలు పైన పొట్ట దగ్గర ఉంటుంది, ముందుకి వంగుతుంది. పుల్లని ఒక్కచోటే వంచితే పక్షి కాలవుతుంది, ఎందుకంటే పక్షి మోకాలు ఈకల్లో దాక్కుని మడమ ఒక్కటే బయటికి కనబడుతుంది. రెండు చోట్ల, ఒకదానికి ఒకటి ఎదురుగా వంచు. కొత్త పుల్ల వంచడం దేనికి, సహజంగానే వంకర తిరిగిన కొమ్మ ఏరుకో. రేగు కొమ్మలు జిగ్‌జాగ్‌గా పెరుగుతాయి, వెనక కాళ్లకే పుట్టినట్టుంటాయి. ముళ్లు మాత్రం చూసుకో.

కూకట్‌పల్లి_నవీన్
అక్కా, నా మేకలన్నీ ఒంటెల్లా ఎందుకొస్తున్నాయో ఇప్పటికి అర్థమైంది.

రిటైర్డ్_బోటనీ
పైన చెప్పిన మాటకి ఒక మాట కలుపుతాను. కళ్లు తలకి ముందువైపు ఉంటే వేటాడే జంతువు అనిపిస్తుంది, పక్కలకి ఉంటే వేటకి చిక్కేది అనిపిస్తుంది. పులి, గుడ్లగూబ ఒకవైపు, జింక, కుందేలు మరోవైపు. మొసలి తల మీద కుందేలు కళ్లు పెడితే భయం పుట్టదు, జాలి పుడుతుంది. కావాలని అలా చేసినా బాగానే ఉంటుంది, తెలిసి చేయాలి.

కళ్లకి గురివింద గింజలు వాడేవాళ్లు ఇక్కడ ఉంటే వెంటనే మానండి. ఎరుపు నలుపు అందంగా ఉంటుంది, నిజమే. అందులో అబ్రిన్ అనే గట్టి విషం ఉంది. పైపొర చెక్కుచెదరకపోతే పెద్దగా ఏమీ కాదు, కానీ మీరు దానికి చిల్లు పెడతారు. ఆ పొడి ముక్కులోకి పోతుంది, వేలికి గుచ్చుకుంటే రక్తంలోకి పోతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలు వద్దు.

కుంకుడుగింజ
నా పేరు చూశారుగా. కుంకుడు గింజ నల్లగా, గుండ్రంగా, గోళీలా మెరుస్తుంది. తలంటుకున్నాక గింజలు పారేయకుండా కడిగి ఆరబెట్టుకుంటే కళ్లే కళ్లు. చిల్లు పెట్టాలంటే గట్టిగా ఉంటుంది, ఓపిక పట్టాలి.

తార్నాక_తుమ్మముల్లు
గురివింద గింజలు నా దగ్గర ఓ డబ్బాడు ఉన్నాయి మాస్టారూ. ఏం చేయమంటారు?

రిటైర్డ్_బోటనీ
తాళం వేసి పైన పెట్టండి. కంసాలివాళ్లు ఆ గింజలతో బంగారం తూచినట్టు మీ జిగురు తూచుకోండి.

బేగంపేట_బావ
మాస్టారు జోకేశారు! స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

పాతబస్తీ_పనివాడు
జిగురు అంటే గుర్తొచ్చింది. తుమ్మముల్లన్నా, వేరే బాధ అన్నావు కదా, చెప్పు ఏమైతుందో.

తార్నాక_తుమ్మముల్లు
ఫెవిక్విక్‌తో అతికిస్తా. చక్కగా పట్టుకుంటుంది. రెండు రోజులకి బల్ల కదిలినా కాలు ఊడిపోతుంది. అతుకు చుట్టూ తెల్లగా బూడిద పూసినట్టు కూడా అవుతోంది.

పాతబస్తీ_పనివాడు
అది దాని గుణమే. ఆ రకం జిగురు ఆరితే గాజు లెక్క పెళుసు. లాగితే ఆగుతది, అడ్డంగా తగిలితే పుటుక్కున ఇరుగుతది. పైగా ఎండుకాయ మొత్తం జిగురుని పీల్చేసుకుంటది, అతుకు కాడ ఏం మిగలదు. ఆ తెల్లది జిగురు ఆవిరి పక్కన మళ్లా గడ్డకట్టింది. తక్కువ పూసి, గాలి ఆడే కాడ ఆరబెడితే తగ్గుతది.

మా నాయన కుర్చీలు చేసేటోడు. ఏ అతుకైనా జిగురు మీద నిలబడొద్దు, లోపల పుల్ల మీద నిలబడాలె అనేటోడు. ఇక్కడా అంతే. కాలికి, ఒంటికి ఎదురెదురుగా చిల్లు కొట్టు. నడుమ బైండింగ్ వైర్ ముక్కనో టూత్‌పిక్ ముక్కనో పెట్టు. అప్పుడు ఫెవికాల్ వేసి ఒక రాత్రి వదిలెయ్. వైర్ పెడితే ఇంకో లాభం, జిగురు ఆరేలోపు కాలు వంచి సర్దుకోవచ్చు. నాలుగో కాలు గాల్లో ఉంటుందన్నావు కదా, అది అట్లనే దిగుతది.

చిల్లుకి పెద్ద మిషన్ వద్దు, కాయ పగుల్తది. చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు ఉంటది. కోఠీ గుజరాతీ గల్లీలో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్ముతరు, ఒక మిల్లీమీటరు బిట్టు అడుగు. బిట్లు సన్నగా ఉంటయి, ఇరుగుతయి, నాలుగైదు తీసుకో.

కూకట్‌పల్లి_నవీన్
సందులు పూడ్చడానికి ఎంసీల్ వాడొచ్చా భయ్యా?

పాతబస్తీ_పనివాడు
వాడొచ్చు. రెండు ముద్దలు ఒకే రంగు వచ్చేదాకా పిసకాలె, లేకుంటే ఆరదు. చేతికి కవరు తొడుక్కో. కానీ అది బూడిదరంగుల ఉంటది, కాయ పక్కన ప్లంబింగ్ పని లెక్క కనిపిస్తది.

యాళి_పిచ్చి
ఎంసీల్ కంటే మన పాత పద్ధతి చూడండి. కొండపల్లి బొమ్మల్లో విడివిడి ముక్కల్ని మక్కుతో కలుపుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద అది. మన చేర్యాల మాస్కులకి కూడా చింతగింజల జిగురు, రంపపు పొట్టే. కొబ్బరి చిప్ప మీద ఆ ముద్దతోనే ముక్కూ చెంపలూ తీరుస్తారు. చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి ఉడికించాలి. చేయడానికి బద్ధకమైతే ఫెవికాల్‌లో సన్న రంపపు పొట్టు కలపండి. ఆరాక గరుకు కాగితంతో రుద్దితే అతుకు ఎక్కడుందో తెలియదు.

సైనిక్‌పురి_సంధ్య
చింతగింజల పిండి అంటే పురుగులకి పెళ్లి భోజనం కదా అక్కా? నా బొమ్మల కింద ఇప్పటికే రోజూ పిండి రాలుతోంది. సన్నగా, పసుపు రంగులో. తుడిస్తే తెల్లారేసరికి మళ్లీ అంత.

రిటైర్డ్_బోటనీ
గుండుసూది గుచ్చినట్టు చిన్న చిన్న చిల్లులు ఉన్నాయా?

సైనిక్‌పురి_సంధ్య
ఉన్నాయి సార్. టెన్షన్‌గా ఉంది, పక్కనే టేకు బీరువా ఉంది.

రిటైర్డ్_బోటనీ
పుచ్చుపురుగు. పుల్లలోపల పిల్లపురుగులు తింటున్నాయి. చిల్లు కనబడిందంటే ఒకటి ఎదిగి బయటికొచ్చేసినట్టే, లోపల ఇంకా ఉండవచ్చు. ముందు ఆ బొమ్మని బీరువా పక్కనుంచి తీసేయండి.

తేలిక మార్గం ఫ్రీజర్. ప్లాస్టిక్ కవర్లో పెట్టి గాలి తీసి మూతి బిగించండి. డీప్ ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలు ఉంటే రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక వెంటనే కవరు విప్పకండి. గది వేడికి వచ్చేదాకా ఆగండి, అప్పుడు తేమ కవరు మీద పడుతుంది, బొమ్మ మీద పడదు. ఇకముందు ఏ కాయ తెచ్చినా ముందు ఫ్రీజర్, తర్వాతే బల్ల మీదికి.

మైక్రోవేవ్‌లో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. ఎండుపుల్ల లోపలినుంచి మాడి అంటుకుంటుంది.

కుంకుడుగింజ
ఫ్రీజర్‌లో చికెన్ పక్కన ఎండిన సీతాఫలం, రేలకాయ చూసి మా అత్తగారు ఏదో చేతబడి అనుకున్నారు. ఇప్పటికీ ఆ అర తెరవరు. చెప్పాలంటే నాకదే సౌకర్యంగా ఉంది.

బేగంపేట_బావ
మీ ఇంటికి భోజనానికి పిలవకండి ఆంటీ.

కూకట్‌పల్లి_నవీన్
చెట్టుమీదే ఎండి నల్లగా రాయిలా అయిపోయిన సీతాఫలం గురించా? అది నాకు భలే ఇష్టం. ఒంటినిండా పొలుసులుండే అలుగు ఒళ్లు అచ్చంగా దిగుతుంది. దానికి రేలకాయ తోక పెట్టి చూడండి. నల్లగా, గొట్టంలా, అడ్డ గీతలతో. ఎలుక తోకా కాదు, పాము తోకా కాదు.

నిద్రగన్నేరు కాయలు మాత్రం వద్దు. లోపల తియ్యటి గుజ్జు ఉంటుంది, అల్మారా నిండా చీమలు.

సైనిక్‌పురి_సంధ్య
మా వీధిలో మహాగని చెట్లున్నాయి. కాయ ఎండితే ఐదు చెక్కలుగా విచ్చుకుంటుంది, ఒక్కో చెక్క దళసరిగా, గోధుమరంగులో. వాటిని పైనుంచి కిందికి ఒకదానిమీద ఒకటి పేర్చితే వీపు మీద కవచం. లోపలి గింజలకి పల్చటి రెక్క ఉంటుంది, తూనీగ రెక్కలకి అవే. జకరండా కాయ తెరిచిన నోరు. పైన రెండు గింజలు పెట్టడమే ఆలస్యం, కప్ప మొహం రెడీ.

తార్నాక_తుమ్మముల్లు
దేవకాంచనం కాయలు తెచ్చి కిటికీ దగ్గర పెట్టాను. రాత్రి పడుకున్నాక టప్, టప్ అని చప్పుళ్లు. ఎలుక అనుకుని కర్ర పట్టుకుని తిరిగా. పొద్దున చూస్తే కాయలన్నీ పగిలి మెలి తిరిగి ఉన్నాయి, గింజలు సోఫా కింద.

రిటైర్డ్_బోటనీ
అది గింజలు విసిరే పద్ధతి. కాయ గోడలో రెండు పొరల పీచు రెండు వేర్వేరు ఏటవాలుల్లో ఉంటుంది. ఎండుతుంటే రెండూ రెండు దిక్కులకి ముడుచుకుంటాయి. బిగువు పెరిగి పెరిగి అతుకు తట్టుకోలేక పేలుతుంది. తడిపితే ఆ మెలిక సడలుతుంది, మళ్లీ ఎండితే మళ్లీ తిరుగుతుంది. కాబట్టి తడిపి నిటారు చేసి అతికించకండి. అది ఊరుకోదు, మీ బొమ్మని కూడా తిప్పేస్తుంది. పగిలి మెలి తిరిగినవాటినే కొమ్ములకి వాడండి.

యాళి_పిచ్చి
ఇదే నేను మొదటినుంచీ చెప్పాలనుకుంటున్నది. కాయ ఏ ఆకారానికి పోతానంటోందో అటు పోనివ్వాలి. ముందే "మొసలి తల, మేక ఒళ్లు" అని రాసుకుని దానికి సరిపడే కాయ వెతికితే చివరికి రాజీ పడాల్సి వస్తుంది. గరుడముక్కు కాయ ఎవరైనా చూశారా? తేలుకొండి అని కూడా అంటారు. ఊళ్ల బయట బంజరుల్లో ఉంటుంది. ఎండితే నల్లగా, చివర రెండు వంకర కొక్కేలు. ఆ కాయ చేతిలో పట్టుకున్నాక మొసలి ఆలోచన వస్తుందా ఎవరికైనా? ముక్కు సిద్ధంగా ఉంది, దాని వెనక ఎవరున్నారో మనం కనుక్కోవాలి, అంతే.

కూకట్‌పల్లి_నవీన్
ఒప్పుకోను అక్కా. అలా చేస్తే కాయ కాయలాగే మిగిలిపోతుంది. చూసేవాడు "ఓహో, మహాగని కాయ" అంటాడు. జంతువు కనబడాలంటే కాయ మాయం కావాలి. అందుకే నేను రంగు వేస్తా.

సైనిక్‌పురి_సంధ్య
రంగు వేస్తే ప్లాస్టిక్ కొనుక్కోవచ్చు కదా.

కూకట్‌పల్లి_నవీన్
చేర్యాల మాస్కు మీద రంగు లేదా? కొండపల్లి మీద లేదా? నిర్మల్ బొమ్మ?

సైనిక్‌పురి_సంధ్య
వాటిలో కర్ర, చిప్ప లోపలి అస్థిపంజరం మాత్రమే. మనం చేసేదాంట్లో అదే మొహం. ముసలివాళ్ల చర్మంలా ముడతలు పడిన చింతబెరడు మీద ఎనామిల్ పూస్తే నాకు ఏడుపొస్తుంది. మెరుపు కావాలంటే అవిసె నూనె పల్చగా రుద్దు.

పాతబస్తీ_పనివాడు
అవిసె నూనె రుద్దిన గుడ్డని ఉండ చుట్టి మూలన పడేయొద్దు. ఆరుతుంటే వేడి పుడతది, దానంతటదే అంటుకుంటది. విప్పి తీగ మీద ఆరేయాలె. ఇది ఉత్త మాట కాదు.

యాళి_పిచ్చి
నవీన్, రంగు విషయం వదిలెయ్. కాయ మాయం కావాలన్నావు చూడు, అక్కడ మాట్లాడదాం. పోయిన ఆదివారం మా డ్రాయింగ్ పిల్లల్ని గోల్కొండకి తీసుకెళ్లా. బాలాహిస్సార్ దర్వాజా పైన గచ్చుతో చేసిన సింహాలు, యాళులు ఉన్నాయి కదా, అందరూ ప్రతిధ్వని కోసం చప్పట్లు కొట్టి లోపలికి పోతారు, తల ఎత్తరు. యాళిలో సింహమూ దాక్కోలేదు, ఏనుగూ దాక్కోలేదు. రెండూ కనబడతాయి, అయినా ఒకే జంతువు. మకరం తీసుకో, ఏనుగు తొండం, మొసలి దవడ, చేప తోక. అందులో ఏదీ మాయం కాలేదు.

అంతకంటే పెద్ద ఉదాహరణ ఒడిశా నవగుంజర. సారళా దాసు 15వ శతాబ్దంలో ఒడియాలో రాసిన మహాభారతంలో వస్తుంది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక, కాళ్లలో ఏనుగుది ఒకటి, పులిది ఒకటి, గుర్రానిదో జింకదో ఒకటి, నాలుగోది మనిషి చెయ్యి. తొమ్మిది ఉన్నాయి, కలగాపులగం కాలేదు. ఎందుకంటే తల నుంచి తోక దాకా వీపు గీత ఒక్కటే, ఎక్కడా తెగదు. ముందు ఒక తీగని ఆ గీతలా వంచి పెట్టుకోండి, కాయలన్నీ దాని మీద గుచ్చండి.

బేగంపేట_బావ
తొమ్మిదింటిలోనూ కోడి తలే ముందు. తుమ్మముల్లూ, నువ్వు నవగుంజర దారిలోనే ఉన్నావ్.

రిటైర్డ్_బోటనీ
ప్రకృతి కూడా ఈ పని చేసింది. ప్లాటిపస్ అనే ఆస్ట్రేలియా జంతువు చర్మం మొదటిసారి ఇంగ్లండ్ చేరినప్పుడు, 1799లో దాన్ని వర్ణించిన జార్జ్ షా, ఎవరో నాలుగు కాళ్ల జంతువుకి బాతు ముక్కు తగిలించి మోసం చేస్తున్నారేమోనని అనుమానపడ్డాడు.

రూల్స్_రాజు
అందరూ ఏరుకురావడం గురించే మాట్లాడుతున్నారు. ఎక్కడ ఏరుతున్నారో చూసుకోండి. జూబ్లీహిల్స్ కేబీఆర్ మామూలు పార్కు కాదు, నేషనల్ పార్కు. లోపల రాలిన కాయ కూడా తీసుకురాకూడదు. అది అక్కడి జంతువులకి తిండి, మట్టికి ఎరువు.

కూకట్‌పల్లి_నవీన్
రాలిన ఆకు తీసినా కేసా సార్?

రూల్స్_రాజు
కేసు పెడతారా లేదా అన్నది కాదు, అనుమతి లేదు. అంతకంటే ముఖ్యం ఈకలు, కొమ్ములు. ముళ్లపంది ముళ్లు, జింక కొమ్ము, తాబేలు చిప్ప దొరికాయని సంబరపడి తేవద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జంతువు తనంతట తాను చచ్చి దొరికినా ప్రభుత్వ ఆస్తే. కొమ్ము దానంతటదే ఊడిపడింది అంటే చెల్లదు. నెమలి పింఛానికి మాత్రం మినహాయింపు ఉంది. సహజంగా రాలినదైతే ఉంచుకోవచ్చు, విదేశాలకి పంపడం మాత్రం కుదరదు.

కుంకుడుగింజ
ఈకలు కావాలంటే చికెన్ షాపు ఉందిగా. ఊరికే ఇస్తారు. సబ్బునీళ్లలో రెండుసార్లు కడిగి నీడలో ఆరబెట్టాలి.

బేగంపేట_బావ
ఈకలు కూడా పెడితే ఇక ఆ కోడిని ఎవరూ ఆపలేరు.

పాతబస్తీ_పనివాడు
ఎముకలు వాడుడు తప్పా మరి? పాయా తిన్నాక మిగిలినవి నేను దాస్తా. మేక మెడ ఎముక ఒక్కటి పెడితే రాక్షసి మొహం.

రూల్స్_రాజు
మేక, కోడి పెంపుడు జంతువులు, వాటికి ఏ ఇబ్బందీ లేదు.

రిటైర్డ్_బోటనీ
ఎముకని బ్లీచింగ్ పౌడర్‌లో వేయవద్దు, పెళుసై పొడి అవుతుంది. గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో కొవ్వు వదిలేదాకా నానబెట్టండి, నీళ్లు మారుస్తూ. తర్వాత మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఉంచితే తెల్లబడుతుంది. కొవ్వు మిగిలితే కొన్నాళ్లకి పసుపెక్కి వాసన వస్తుంది.

పాతబస్తీ_పనివాడు
వాసన కాదు సార్, కుక్క ప్రాబ్లం. కిందటి బొమ్మ తలని మా గల్లీ కుక్క ఎత్తుకపోయింది. ఒళ్లు మాత్రం మిగిల్చింది, తుమ్మకర్ర కదా.

సైనిక్‌పురి_సంధ్య
చండీగఢ్ రాక్ గార్డెన్ వెళ్లినవాళ్లున్నారా? నేక్ చంద్ 1957లో ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టాడు, ఏళ్ల తరబడి అధికారులకి తెలియదు. అంతా పగిలిన గాజులు, పింగాణీ, పారేసిన సామానుతో చేసిన బొమ్మలే. మన ఊళ్లో రాళ్లకి, చెట్లకి లోటేముంది, అలాంటిది చేయొచ్చు అనిపిస్తుంది.

రూల్స్_రాజు
ప్రభుత్వ స్థలంలో చెప్పకుండా మొదలుపెట్టడం గురించి నేను విననట్టే ఉంటాను.

తార్నాక_తుమ్మముల్లు
యాళి అక్కా, తీగ వంచి పెట్టా. వీపు గీత బాగానే వచ్చింది. దాని మీద మహాగని చెక్కలు పేర్చాలంటే తోకవైపు చిన్నవి దొరకట్లేదు. చెక్కల్ని కత్తిరించనా?

యాళి_పిచ్చి
కత్తిరించకు, కోసిన అంచు తెల్లగా కనబడుతుంది. తోకవైపు వేరే కాయకి మారు. స్పథోడియా కాయలు పడవల్లా ఉంటాయి, చిన్నవి ఏరితే కుదురుతుంది. ఒక కాయ నుంచి ఇంకో కాయకి మారేచోట రెండింటినీ ఒకటి విడిచి ఒకటి పెట్టు, ఒక్కసారిగా మార్చకు.

కూకట్‌పల్లి_నవీన్
స్పథోడియా ఎక్కడ దొరుకుతుంది?

రిటైర్డ్_బోటనీ
ఎర్రటి పూలు గుత్తులుగా కొమ్మల చివర ఉంటాయి. పాత కాలనీల రోడ్ల పక్కన చూడండి. కాయలు నిటారుగా పైకి నిలబడతాయి, విచ్చుకున్నాక కింద పడతాయి.

కుంకుడుగింజ
మా పద్మారావునగర్ రోడ్డు మీద రెండు చెట్లున్నాయి. మున్సిపాలిటీ ఊడ్చేవాళ్లు ఏడున్నరకల్లా వచ్చేస్తారు, అంతకుముందే రావాలి. ఆదివారం వస్తే టీ నా వంతు. ఫ్రీజర్ మాత్రం ఎవరూ తెరవకూడదు.